మట్టి మీద తన ఆకారం
(అనా మెండియెటా జీవితం)



ప్రతి ఏటా మన వార్షికోత్సవ సంచికలో అంబేద్కర్ గారి జీవితమో, ఫూలే దంపతుల జీవితమో ఎవరో ఒకరు రాస్తారు. రాయాలి కూడా. ఈసారి ఆ వ్యాసాలు తమ్ముళ్లు, చెల్లెళ్లు రాస్తున్నారని తెలిసి, మన సంచికలో ఇంతవరకు రాని ఒక పేరు నేను ఎంచుకున్నాను. ఆమె అనా మెండియెటా. క్యూబాలో పుట్టి, అమెరికాలో పెరిగి, 1985లో 36 ఏళ్లకే చనిపోయిన కళాకారిణి. కళలు చదివే వాళ్లకు ఏ దేశంలోనైనా తెలిసిన పేరే. మన గోదావరిఖని, రామగుండం వైపు మాత్రం ఎవరి నోటా నేను వినలేదు. పీజీలో ఒక సెమినార్ కోసం పుస్తకాలు వెతుకుతుంటే దొరికింది. ఆ సెమినార్ అయిపోయింది గానీ ఈమె మాత్రం నన్ను వదలలేదు.

కారణం ముందే చెప్తాను. ఆమె గడ్డితో, పూలతో, బురదతో, చెట్లతో కళ చేసింది. అది ఒక కారణం. రెండోది, ఆమె కూడా పన్నెండేళ్లకే అమ్మానాన్నల్ని వదిలి, పెట్టె పట్టుకుని, ముక్కూమొహం తెలియని వాళ్లు నడిపే వసతి గృహంలో అడుగుపెట్టిన పిల్ల. ఇనుప పెట్టె మీద సున్నంతో పేరు రాసుకుని వచ్చిన రోజు మనలో ఎవరికి మాత్రం గుర్తుండదు?

అనా 1948 నవంబర్ 18న క్యూబా రాజధాని హవానాలో పుట్టింది. తండ్రి ఇగ్నాసియో లాయరు. తల్లి రకెల్ రసాయన శాస్త్రం చదివి, పాఠాలు చెప్పిన మనిషి. అక్క పేరు రకెలిన్, తర్వాత ఒక తమ్ముడు. వాళ్ల వంశంలో ఒకాయన 1930లలో దేశాధ్యక్షుడిగా కూడా చేశాడు. అంటే మనలాంటి ఇల్లు కాదు. ఇంటి నిండా పనివాళ్లు. ఈ సంగతి దాచిపెట్టి ఆమెను మన ఇంటి పిల్లగా చూపించడం నాకు ఇష్టం లేదు. అయితే ఆ పనివాళ్లే ఆమెకు తొలి గురువులని నేననుకుంటాను. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన జనం తమ దేవతల్ని క్రైస్తవ పునీతుల పేర్ల వెనక దాచి కాపాడుకున్న మతం ఒకటి క్యూబాలో ఉంది. సాంతెరియా అంటారు. చెట్టుకు, నీటికి, నెత్తురుకు శక్తి ఉందని నమ్ముతారు. మన పోచమ్మ, మైసమ్మల కొలుపు చూసిన వాళ్లకు ఇది కొత్తేమీ కాదు. వంటింట్లో పనివాళ్లు చెప్పుకునే ఆ కథలు పిల్ల చెవిన పడ్డాయి. చదువుకున్న ఇంట్లో వాటికి విలువ లేకపోయినా ఆమె మనసులో ఉండిపోయాయి.

1959లో ఫిడెల్ కాస్ట్రో విప్లవం గెలిచింది. అనా తండ్రి మొదట విప్లవం వైపే ఉన్నాడు. తర్వాత కొత్త ప్రభుత్వంతో పొసగక ఎదురు తిరిగాడు. అప్పట్లో పిల్లల్ని ప్రభుత్వం లాక్కుంటుందని పుకార్లు లేచాయి. భయపడ్డ తల్లిదండ్రులు పిల్లల్ని ఒంటరిగా విమానం ఎక్కించి అమెరికా పంపడం మొదలుపెట్టారు. క్యాథలిక్ చర్చి, అమెరికా ప్రభుత్వం కలిసి నడిపిన ఈ పనికి ఆపరేషన్ పీటర్ పాన్ అని పేరు. 1960 చివర మొదలై 1962 అక్టోబర్ దాకా 14 వేలకు పైగా పిల్లలు అలా వెళ్లారు. 1961 సెప్టెంబర్‌లో 12 ఏళ్ల అనా, 14 ఏళ్ల రకెలిన్ ఆ విమానాల్లో ఒకదానిలో ఉన్నారు. కొద్ది నెలలే కదా, మళ్లీ కలుస్తామని అందరూ అనుకున్నారు.

మొదట ఫ్లోరిడాలో శిబిరం. అక్కడి నుంచి అయోవా రాష్ట్రంలోని డుబ్యూక్ పట్టణానికి పంపారు. సముద్రం ఒడ్డున పెరిగిన పిల్లలకు మంచు పడే ఊరు. చేర్చింది అనాథాశ్రమంలో. అమ్మానాన్నలు బతికుండగానే అనాథల లెక్కలో రాశారన్నమాట. తర్వాత కొన్నేళ్ల పాటు ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి, ఒక బోర్డింగ్ స్కూలు నుంచి ఇంకో స్కూలుకు మారుతూనే ఉన్నారు. తల్లిదండ్రులు పంపేటప్పుడు ఒక కాగితం మీద సంతకం చేసి ఇచ్చారు. అక్కాచెల్లెళ్లను ఎక్కడ పెట్టినా విడదీయకూడదని అందులో ఉంది. ఆ ఒక్క కాగితం వల్ల ఇద్దరూ ఒకే చోట ఉండగలిగారు. ఆమె జీవితంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ కదిలించింది ఈ కాగితమే. మా ఇంట్లో నేనే మొదట డిగ్రీ పాసైన దాన్ని. నన్ను హాస్టల్లో చేర్చిన రోజు మా నాన్న ఫారం మీద వేలిముద్ర వేశాడు. అందులో ఏం రాసుందో ఆయనకు తెలియదు. అయినా గట్టిగా ఒత్తి వేశాడు.

తల్లి, తమ్ముడు 1966లో గానీ అమెరికా రాలేకపోయారు. తండ్రి రాజకీయ ఖైదీగా ఏళ్ల తరబడి జైల్లో ఉండి 1979లో వచ్చాడు. పన్నెండేళ్ల పిల్ల నాన్నను మళ్లీ చూసేసరికి ముప్పై ఏళ్ల మనిషి అయింది.

ఇంకో సంగతి. హవానాలో ఆమె తెల్లవాళ్ల ఇంటి పిల్ల, పెద్దింటి పిల్ల. అయోవాలో అడుగుపెట్టగానే రంగు మనిషి అయిపోయింది. తోటి పిల్లలు బూతు పేర్లతో పిలిచారు. మనిషి మారలేదు, ఒంటి రంగు మారలేదు, చూసే కళ్లు మారాయి. మనలో చాలామందికి ఇది పుట్టినప్పటి నుంచి తెలిసిన సంగతి. బడిలో పేరు పెట్టి పిలవకుండా స్కాలర్‌షిప్ పిల్లలని వేరుగా లేపి నిలబెట్టిన రోజులు నాకూ ఉన్నాయి. ఆమెకు మాత్రం ఒక్క విమాన ప్రయాణంలో తెలిసివచ్చింది. తనను తెల్లకళాకారిణిగా ఆమె మళ్లీ ఎన్నడూ చెప్పుకోలేదు. మూడో ప్రపంచపు మనిషిననే అనుకున్నది.

అయోవా విశ్వవిద్యాలయంలో చేరి 1969లో డిగ్రీ, 1972లో చిత్రలేఖనంలో ఎం.ఏ. చేసింది. అక్కడ హాన్స్ బ్రెడర్ అనే జర్మన్ అధ్యాపకుడు ఇంటర్‌మీడియా అనే కొత్త కోర్సు పెట్టాడు. బొమ్మ, నాటకం, సినిమా, నాట్యం అన్నీ కలగలిపి చేయొచ్చు. అనా అందులో చేరి 1977లో ఇంకో పట్టా తీసుకుంది. రంగులతో వేసిన బొమ్మ తనకు చాలడం లేదని, బొమ్మకు గుళ్లో విగ్రహానికి ఉండేలాంటి శక్తి ఉండాలని ఆమెకు అనిపించింది. బ్రష్షులు పక్కన పెట్టి బయటికి నడిచింది.

1972లో పచ్చిక మీద బోర్లా పడుకుని, వీపు మీద గడ్డి అంటించమని స్నేహితులను అడిగింది. ఫొటోలో చూస్తే నేల ఎక్కడ ఆగింది, మనిషి ఎక్కడ మొదలైంది వెంటనే తెలియదు. మరుసటి ఏడాది మెక్సికోలో వహాకా దగ్గర యగుల్ అనే చోటికి వెళ్లింది. అక్కడ జపోటెక్ అనే ప్రాచీన జాతి వాళ్ల రాతి సమాధులు ఉన్నాయి. తెరిచి ఉన్న ఒక సమాధిలో వెల్లకిలా పడుకుంది. బజారులో కొన్న తెల్లపూలు ఒంటి మీద పరిపించింది. ఫొటోలో మొహం కనపడదు. పూల కాడలు ఒంట్లోంచి మొలిచినట్టు లేస్తాయి. కొన్ని పనుల్లో ఆమె ఒంటి మీద బట్టలుండవు. మన దగ్గర దీన్ని చూసి మొహం తిప్పుకునే వాళ్లుంటారని తెలుసు. నేనూ మొదట పుస్తకం పేజీ గబగబా తిప్పేశాను. తర్వాత మళ్లీ వెనక్కి తిప్పి చూశాను. సమాధిలో పడుకున్న మనిషి మీద పూలు చూస్తుంటే వేరే ఆలోచన ఏదీ రాలేదు.

అక్కడి నుంచి మొదలైన వరుసకు సిలుయెటా అని పేరు. స్పానిష్‌లో నీడ ఆకారం అని అర్థం. 1973 నుంచి 1980 దాకా అయోవాలో, మెక్సికోలో ఇలాంటివి వందకు పైగా చేసింది. కొద్ది రోజులకే తను పడుకోవడం మానేసి, తన ఒంటి కొలతతో కోసిన అట్టను నేల మీద పెట్టి ఆకారం గీసేది. మనిషి ఐదడుగులు ఉండీ లేనట్టుండేది కాబట్టి ఆకారాలు కూడా చిన్నవే. ఆ ఆకారాన్ని బురదలో తవ్వేది, నాచుతో నింపేది, ఎండుటాకులు పేర్చేది, మంచులో చెక్కేది, తుపాకీ మందు పోసి అంటించేది. సముద్రపు ఒడ్డు ఇసుకలో చేస్తే అలలు వచ్చి కొద్దికొద్దిగా తీసుకుపోయేవి. ఆమె పక్కన నిలబడి ఫొటోలు తీసేది. కొన్నిటి దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్లి, అవి కరిగి నేలలో కలిసిపోవడం కూడా తీసేది. 1976లో ఒళ్లంతా బురద, గడ్డి పూసుకుని, చేతులు పైకెత్తి ఒక పెద్ద చెట్టు మానుకు ఆనుకుని నిలబడ్డ ఫొటో చాలా పేరు పొందింది. దానికి జీవవృక్షం అని పేరు పెట్టింది.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఒక చిన్న ఫిలిం. 1974 నాటిది. మాట లేదు, పాట లేదు. పచ్చిక ఉన్న నేల కనిపిస్తుంటుంది. చూస్తూ చూస్తూ ఉంటే ఆ గడ్డి పైకి లేచి కిందికి దిగుతుంది. మళ్లీ లేస్తుంది. పచ్చిక చాప కింద ఆమె పడుకుని ఊపిరి తీస్తోంది. యూనివర్సిటీ హాస్టల్లో నా రూమ్మేట్‌కు చూపించాను. ఆమె నాకన్నా రెండేళ్లు చిన్నది, యైటింక్లైన్ కాలనీ పిల్ల. చూసి, అక్కా, మా నాన్న వాళ్లు కింద ఉన్నప్పుడు పైన నేల ఇట్లనే ఉంటదా అని అడిగింది. వాళ్ల నాన్న బాయిలో పని చేసేవాడు. సెమినార్‌లో నేను చదివిన పన్నెండు పేజీల్లో ఇంత మంచి మాట ఒక్కటీ లేదు.

ఇక బతుకమ్మ గురించి చెప్పకుండా ఉండలేను. 1975లో ఆమె పూలతో మనిషి ఆకారం పేర్చి, తెప్పలాగా నీళ్ల మీద వదిలి, అది కదిలిపోతుంటే ఫిలిం తీసింది. తంగేడు, గునుగు, కట్లపూలు, బంతిపూలు వరుసలు పేర్చి, సాయంత్రం దాకా ఆడి, గోదావరి ఒడ్డున నీళ్లలో వదిలి, ఖాళీ శిబ్బితో ఇంటికి వచ్చే మన అమ్మలకు ఈ ఫిలిం చూపిస్తే వింత పడరు. పేర్చడం ఎంత ముఖ్యమో వదలడం కూడా అంత ముఖ్యమని వాళ్లకు తెలుసు. తేడా ఒకటుంది. బతుకమ్మ దగ్గర వాడంతా ఉంటుంది. అనా దగ్గర కెమెరా తప్ప చాలాసార్లు ఎవరూ లేరు. ఊరు లేని మనిషి ఒక్కతే పండుగ చేసుకున్నట్టుంటుంది.

అదే కాలంలో అమెరికాలో మట్టితో కళ చేసిన మగవాళ్లు ఉన్నారు. మైకేల్ హైజర్ అనే ఆయన 1969, 1970లలో నెవాడా ఎడారిలో ఒక గుట్టను 50 అడుగుల లోతున, 1500 అడుగుల పొడవున కోయించాడు. 2 లక్షల 40 వేల టన్నుల రాయి, మట్టి తీసిపోశారు. రాబర్ట్ స్మిత్సన్ 1970లో ఉప్పు సరస్సులో డంపర్లతో బండలు పోయించి 1500 అడుగుల చుట్టు కట్టించాడు. ఇవి గొప్ప కళాఖండాలే కావచ్చు. ఓపెన్‌కాస్ట్ బాంబు మోతకు ఇంటి గోడలు అదిరే చోట పుట్టిన నాకు మాత్రం అంత మట్టి తవ్విపోయడం చూసి ఆశ్చర్యం కలగదు. మన ఊళ్ల చుట్టూ ఓబీ గుట్టలు రోజూ చూస్తూనే ఉన్నాం. అనా చేతిలో మహా అయితే ఒక పార ఉండేది. తన ఒంటికి ఎంత జాగా కావాలో అంతే తీసుకుంది. అది కూడా తిరిగి ఇచ్చేసింది. సింగరేణి వాళ్లు ఓబీ గుట్టల మీద మొక్కలు నాటించడం మీరు చూసే ఉంటారు. నాటిన వాటికన్నా ముందు, తొలకరికి ఎవరూ వేయని పిచ్చిగడ్డి వస్తుంది. ఆమె ఆకారాల మీద కూడా అలాగే గడ్డి వచ్చి కప్పేసింది.

1978లో అనా న్యూయార్క్ చేరింది. అక్కడ ఎ.ఐ.ఆర్. అనే గ్యాలరీ ఉంది. ఆడవాళ్లే సహకార సంఘంగా కలిసి 1972లో పెట్టుకున్నది. అందులో చేరింది. అయితే అక్కడ ఆడవాళ్ల హక్కులంటే తెల్లవాళ్ల, మధ్యతరగతి ఆడవాళ్ల హక్కులేనని ఆమెకు త్వరలోనే అర్థమైంది. 1980లో మూడో ప్రపంచ స్త్రీ కళాకారుల ప్రదర్శన ఒకటి అదే గ్యాలరీలో పెట్టించింది. ఆమెతో కలిసి దాన్ని ఏర్పాటు చేసిన వాళ్లలో ఒకరు జపాన్ నుంచి వచ్చిన కజుకో మియామోటో, ఇంకొకరు మన దేశపు అలీగఢ్‌లో పుట్టిన జరీనా. ఇల్లు పోగొట్టుకోవడం గురించి జీవితమంతా బొమ్మలు చెక్కిన జరీనా, అనా ఒకే గదిలో కూర్చుని పని చేశారని చదివినప్పుడు ఎందుకో చాలా సంతోషమేసింది. 1982లో అనా ఆ గ్యాలరీ నుంచి బయటికి వచ్చేసింది.

1980 జనవరిలో, 18 ఏళ్ల తర్వాత, మొదటిసారి క్యూబా వెళ్లింది. మేనత్తలు, మేనమామలు, సముద్రం అన్నీ చూసింది. తర్వాత కూడా చాలాసార్లు వెళ్లింది. విప్లవాన్ని తిట్టే అమెరికాలోని క్యూబా వాళ్లకు ఇది నచ్చలేదు. తండ్రిని జైల్లో పెట్టిన ప్రభుత్వం అనుమతితోనే ఆమె అక్కడ పని చేసింది. తప్పో ఒప్పో నేను చెప్పలేను గానీ, పుట్టిన మట్టి ముట్టుకోవాలంటే ఇంకో దారి ఆమెకు లేదు. 1981లో హవానాకు దగ్గర్లోని హరూకో కొండల్లో, సున్నపురాతి గుహల గోడల మీద ఆడ ఆకారాలు చెక్కింది. స్పెయిన్ వాళ్లు రాకముందు ఆ దీవిలో బతికిన తైనో జాతి దేవతల పేర్లు వాటికి పెట్టింది. అన్నాళ్లు కరిగిపోయేవే చేసిన మనిషి, సొంత దేశానికి వెళ్లేసరికి రాయి పట్టుకుంది.

అదే ఏడాది మయామిలో, క్యూబా వాళ్లుండే పేటలో ఒక సీబా చెట్టు దగ్గర ఇంకో పని చేసింది. సీబా అంటే మన తెల్లబూరుగ చెట్టే. సాంతెరియా వాళ్లకు అది దేవత చెట్టు. మంగలి షాపుల్లో పడ్డ క్యూబా జనం వెంట్రుకలు తెచ్చి ఆ మాను మీద మనిషి ఆకారంలో అంటించింది. ఇది ఒక కళాకారిణి చేసిన పని అని పేట వాళ్లు అనుకోలేదు. వచ్చి మొక్కి, కానుకలు పెట్టి పోయారు. ఆమె కోరుకున్న శక్తి, మ్యూజియంలో రానిది, అక్కడ వచ్చిందనిపిస్తుంది.

1983లో రోమ్ ప్రైజ్ వచ్చింది. ఇటలీలో ఉండటానికి గది, పని చేసుకోవడానికి స్టూడియో దొరికాయి. అక్కడ చెట్టు దుంగల మీద తుపాకీ మందుతో ఆకారాలు కాల్చింది. మట్టిని జిగురుతో కలిపి చెక్క మీద నిలిచేలా చేసింది.

ఇక చెప్పక తప్పనిది. ఆమె గురించి ఎక్కడ చదివినా ఈ సంగతే ముందు వస్తుంది. నేను కావాలని చివరికి ఉంచాను. 1985 జనవరిలో ఆమె కార్ల్ ఆండ్రే అనే పేరున్న శిల్పిని పెళ్లి చేసుకుంది. 1985 సెప్టెంబర్ 8 తెల్లవారుజామున న్యూయార్క్‌లో వాళ్లుండే 34వ అంతస్తు కిటికీ నుంచి కింద పడి చనిపోయింది. ఆండ్రే మీద హత్య కేసు పెట్టారు. జ్యూరీ లేకుండా జడ్జి ఒక్కరే విచారించి 1988లో నిర్దోషి అని తీర్పు చెప్పారు. ఆయన 2024లో చనిపోయాడు. తీర్పు వచ్చినా ప్రశ్నలు ఆగలేదు. 1992లో గుగెన్‌హైమ్ మ్యూజియం కొత్త శాఖ తెరిచి ఆండ్రే శిల్పాలు పెట్టినప్పుడు ఆడవాళ్లు వందలమంది బయట నిలబడి, అనా ఎక్కడ అని అడిగారు. ఆ రాత్రి ఏం జరిగిందో చూసిన వాళ్లెవరూ లేరు కాబట్టి అంతకు మించి నేను రాయను. పన్నెండేళ్లు చేసిన పనిని వదిలి ఒక్క రాత్రినే చెప్పుకోవడం కూడా ఆమెను పక్కకు నెట్టడమే అని నా అభిప్రాయం.

ఆమె చేసిన ఆకారాలు దాదాపు ఏవీ లేవు. అయోవా వాగు గట్టున గడ్డి పెరిగింది. హరూకో గుహల్లో చెక్కినవి కూడా వానకు, గాలికి అరుగుతూ వచ్చాయి. మిగిలినవి ఫొటోలు, స్లైడ్లు, సూపర్ ఎయిట్ కెమెరాతో తీసిన వందకు పైగా చిన్న ఫిలింలు. వాటిని మొదట అక్క రకెలిన్ దాచింది. తర్వాత ఆమె కూతురు ఆ ఫిలింలన్నీ వెతికి, ఒక్కొక్కటీ బాగు చేయించి, దేశదేశాల్లో చూపిస్తోంది. 1961లో ఇద్దర్నీ విడదీయొద్దని అమ్మానాన్నలు కాగితం రాసిచ్చిన అక్కాచెల్లెళ్లలో అక్కే ఆ రకెలిన్.